పలక పెట్టెలో చిరుత బల్లి

వానాకాలం రాత్రి. జంషెడ్‌పూర్‌లోని కద్మాలో మీ ఇంటి వరండాలో ట్యూబ్‌లైటు వెలుగుతోంది. దాని చుట్టూ పురుగులు మూగుతున్నాయి. గోడ మీద ఒక బల్లి కదలకుండా కూర్చుని చటుక్కున ఒక పురుగును పట్టేసింది. ఈ దృశ్యం మీకు కొత్తేమీ కాదు. ఈ బల్లిని ఎవరూ పెంచడం లేదు, అయినా అది మన ఇంట్లోనే ఉంటుంది.

సువర్ణరేఖ నది దాటితే దల్మా కొండలు. ఆ కొండలున్న ఛోటా నాగ్‌పూర్ పీఠభూమిలో మరో రకం బల్లి నివసిస్తుంది. గోడ బల్లి చూసిన కళ్లతో దాన్ని చూస్తే ఇది బల్లేనా అని అనుమానం వస్తుంది. జానెడు పొడవు, లేత పసుపు ఒంటి మీద వెడల్పాటి నల్లని పట్టీలు, లావుపాటి తోక. ఇంగ్లీషులో దీన్ని లెపర్డ్ గెకో అంటారు. మనం చిరుత బల్లి అందాం. శాస్త్రీయనామం యూబ్లెఫారిస్ హార్డ్‌వికీ. 1827లో గ్రే అనే శాస్త్రజ్ఞుడు దీనికి ఈ పేరు పెట్టాడు. జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, పశ్చిమ బెంగాల్, ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు కనుమలు దీని నివాసాలు. అయితే రాత్రిపూట మాత్రమే తిరుగుతుంది కనుక కంటపడటం అరుదు.

రెప్ప వేసే బల్లి

గోడ బల్లి కళ్లను దగ్గరగా గమనించారా? దానికి కదిలే రెప్పలు లేవు. కంటి మీద దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటుంది. చిరుత బల్లి అలా కాదు, మనలాగే రెప్పలు ఆడిస్తుంది. గోడ బల్లి వేళ్ల కింద ఉండే అంటుకునే మెత్తలు దీనికి లేవు. అందువల్ల నున్నని గోడ ఎక్కలేదు. నేల మీద నడుస్తూ కీటకాలను వేటాడి, పగలు రాళ్ల కింద, బొరియల్లో దాక్కుంటుంది. లావుపాటి తోకలో కొవ్వు నిల్వ ఉంటుంది. తిండి దొరకని రోజుల్లో అదే దానికి ఆధారం.

దీన్ని చూసి చాలామంది విషజంతువు అని భయపడి చంపేస్తారు. ఇది పూర్తిగా అపోహ. దీనికి విషం లేదు. మన దేశంలో కాటుతో మనిషిని చంపగల బల్లి ఒక్కటి కూడా లేదు.

ఇంట్లో పెంచుకోవచ్చా?

భయం పోయాక మరో ప్రమాదం మొదలవుతుంది. 'ఇంత అందమైన ప్రాణిని ఒక గాజుపెట్టెలో పెట్టుకుంటే?' అనే ఆలోచన వస్తుంది. విదేశాల్లో లెపర్డ్ గెకోలను పెంచుతున్నారు కదా అని మీరు అడగవచ్చు. అక్కడ ఎక్కువగా పెంచేది దీని దగ్గరి బంధువైన యూబ్లెఫారిస్ మాకులారియస్‌ను. అది పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ వైపు సహజంగా జీవించే జాతి. దశాబ్దాలుగా అనేక తరాలు పెట్టెల్లోనే పుట్టి పెరిగాయి. అడవి నుంచి పట్టి తెచ్చిన ప్రాణి పరిస్థితి వేరు. ఆ తేడాయే ఇక్కడ ముఖ్యం.

లెక్క వేసి చూద్దాం. ఈ బల్లులు ఒకసారికి సాధారణంగా రెండే గుడ్లు పెడతాయి. పిల్ల పెరిగి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి సుమారు ఏడాది పడుతుంది. ఆ లోగా పాములు, గుడ్లగూబలు, ముంగిసల నుంచి తప్పించుకోవాలి. ఒక కొండ వాలు నుంచి పెద్ద ఆడబల్లులను పట్టుకుపోతే, ఆ లోటును పూడ్చడానికి ఎన్ని ఏళ్లు కావాలో ఊహించండి.

మరో విశేషం చూడండి. మనుషుల్లో ఆడా మగా అనేది క్రోమోజోములు నిర్ణయిస్తాయి. మాకులారియస్‌లో మాత్రం గుడ్లు పొదిగే ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు అన్నీ ఆడపిల్లలే. 32 డిగ్రీల దగ్గర ఎక్కువగా మగపిల్లలు. 34 దాటితే మళ్లీ ఆడపిల్లలు ఎక్కువ. అడవిలో తల్లి గుడ్లు పెట్టే చోట్లు రకరకాలు కనుక రెండు రకాల పిల్లలూ పుడతాయి. ఒకే వేడి ఉన్న పెట్టెలో ఆ వైవిధ్యం ఉండదు. ఇక పెంపకం ఆషామాషీ కాదు. ప్రాణంతో ఉన్న కీటకాలు కావాలి. కాల్షియం తగ్గితే ఎముకలు వంగిపోతాయి. బాగా సాకితే బందీలో 15, 20 ఏళ్లు కూడా బతుకుతాయి. అంటే పదో తరగతిలో తెచ్చిన బల్లిని మీ ఉద్యోగం రోజుల్లో కూడా మీరే చూసుకోవాలి.

చైనాలో జరిగింది

దక్షిణ చైనాలోని సున్నపురాయి కొండల్లో గోనియురోసారస్ లూయీ అనే ఒక అందమైన బల్లి ఉంది. ఇది కూడా రెప్పలున్న కుటుంబానిదే. 1999లో శాస్త్రజ్ఞులు దీన్ని కొత్త జాతిగా వర్ణిస్తూ దొరికిన చోటు కూడా ప్రకటించారు. పెంపుడు జంతువుల వ్యాపారులు ఆ వివరాలతో నేరుగా అక్కడికి చేరారు. కొద్ది ఏళ్లలోనే మొదటిసారి వర్ణించిన చోట ఆ బల్లి కనిపించకుండా పోయింది. కొత్త జాతిని ప్రకటించడమే దానికి ముప్పు తెచ్చిందని 2006లో సైన్స్ పత్రికలో కొందరు శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. నేడు చాలామంది పరిశోధకులు అరుదైన బల్లులు దొరికిన ఖచ్చితమైన చోటును దాచిపెడుతున్నారు. 2019లో చైనా, వియత్నాం దేశాల ఈ జాతుల అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణలు వచ్చాయి.

మన దగ్గర కూడా ఇలాంటి ప్రాణి ఉంది. తిరుమల కొండల్లోని బంగారు బల్లిని బెడోమ్ 1870లో వర్ణించాడు. శతాబ్దానికి పైగా శాస్త్రజ్ఞులకు కనబడని ఈ బల్లిని 1980వ దశకంలో మళ్లీ గుర్తించారు. ఇది రాతి పగుళ్లలో బతుకుతుంది. చాలా ఆడబల్లులు ఒకే పగులులో గుడ్లు అంటించి పెడతాయి. ఆ ఒక్క పగులును దోచినవాడు ఒక కాలనీనే దోచినట్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీనికి చోటు దక్కింది. ఇక దల్మా వంటి అభయారణ్యంలో అనుమతి లేకుండా ఏ వన్యప్రాణినీ పట్టకూడదు.

మీరేం చేయవచ్చు?

బల్లుల మీద ఆసక్తిని వదులుకోనక్కర్లేదు. ఈ రాత్రే ఒక నోటుబుక్కు తీయండి. మీ వరండాలోని లైటు దగ్గర ఎన్ని బల్లులు వచ్చాయి, ఎన్ని గంటలకు, ఒక్కోటి ఏ పురుగును పట్టింది, ఏది ఎవరిని తరిమింది? నెల రోజులు రాయండి. వేసవిలో, వానలో, చలిలో తేడా చూడండి. మీకు ఎక్కడైనా చిరుత బల్లి కనిపిస్తే దూరం నుంచి ఫోటో తీసుకోండి. చోటు పేరును అందరికీ చెప్పకండి. చంపబోయే వారెవరైనా ఉంటే, దానికి విషం లేదని చెప్పండి.

పెట్టెలో బల్లిని చూసేవాడికి ఒక బల్లి తెలుస్తుంది. రాతి కింద దాన్ని ఉండనిచ్చి చూసేవాడికి బల్లితోపాటు ఆ కొండ కూడా తెలుస్తుంది.