ఎండ ఒకటే, చర్మం ఒకటి కాదు

"మా అత్త రోజూ ఎండలో కూర్చుంటుంది. అయినా ఎముకలు గుల్లబారాయన్నారు. ఎందుకని?" తెనాలిలో చదువుకోడానికి వచ్చే ఒక అక్క అడిగింది.

అక్కలారా! చర్మ కణాల్లో ఒక రకం కొవ్వు పదార్థం ఉంటుంది. ఎండ తగిలితే అది విటమిన్ డిగా మారుతుంది. తిండిలోని కాల్షియం ఒంటికి పట్టాలంటే ఈ విటమిన్ కావాలి.

వయసు పైబడేకొద్దీ ఆ పదార్థం తగ్గిపోతుంది. 1985లో అమెరికాలో పరీక్షించి చూశారు. పిల్లల చర్మంలో తయారైన దానిలో సగం కూడా 80 ఏళ్ళవాళ్ళ చర్మంలో తయారుకాలేదు. పిండి తక్కువైతే మంట ఎంత ఉన్నా అట్లు తక్కువే గదా!

బాపట్ల, రేపల్లె పొలాల్లో కోడలికి పనికొచ్చినంతగా ఎండ అత్తకు పనికిరాదు. పెద్దవాళ్ళకు పాలు, రాగి జావ, చేపలు పెట్టండి. నడుం నొప్పి అంటే "ముసలితనంలే" అని వదిలేయకండి. డాక్టరుకు చూపించండి.