వెల్లుల్లి, నూనె, గంజి: ఒక ఇటలీ వంటకంలోని రసాయనం

విద్యార్థులారా! ఇటలీలోని నేపుల్స్ నగరంలో, పొద్దుపోయి ఇల్లు చేరినవారు బజారుకు వెళ్ళే పని లేకుండా చేసుకునే వంటకం ఒకటుంది. దాని పేరు ‘స్పగెట్టీ ఆల్యో ఎ ఓల్యో’. ఆల్యో అంటే వెల్లుల్లి, ఓల్యో అంటే నూనె. అల్మరాలో ఉండే స్పగెట్టీ, ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఉప్పు, ఇంతే సరుకు. ఇరవై నిమిషాల పని. అయినా మీ పుస్తకంలోని కొల్లాయిడ్ల పాఠంలో ముఖ్యమైన భాగం ఇందులో ఉంది.

ముందు స్పగెట్టీ సంగతి చూద్దాం. దీన్ని డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. మన చపాతీ గోధుమ వేరు, ఇది వేరు. మధ్యప్రదేశ్‌లోని మాళ్వా ప్రాంతంలో ఈ రకం పండుతుంది. ఎండు పాస్తాను డ్యూరమ్‌తోనే చేయాలని ఇటలీ 1967లో చట్టమే చేసింది. ఎందుకంత పట్టుదల? ఈ రవ్వను నీటితో కలిపి ఒత్తినప్పుడు గ్లూటెన్ అనే ప్రోటీను వలలా అల్లుకొని పిండిపదార్థపు రేణువులను తనలో బంధిస్తుంది. అందుకే ఉడికినా ముద్ద కాదు. ఎండిన పాస్తాలో తేమ 12 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది కనుక సూక్ష్మజీవులు పెరగవు.

ఇద్దరికి 200 గ్రాముల స్పగెట్టీ, రెండు లీటర్ల నీరు, 15 గ్రాముల ఉప్పు చాలు. నీరు తెర్లిన తరువాతే స్పగెట్టీ వేయాలి. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక పిండి రేణువులు నీటిని పీల్చి ఉబ్బుతాయి. కొంత పిండి నీటిలోకి జారుతుంది. ఆ నీరే గంజి. మన నూలు బట్టలకు పెట్టే గంజికి ఇది చుట్టమే! దాన్ని పారబోయకండి.

ఈలోగా నాలుగు వెల్లుల్లి రెబ్బలు పలుచగా తరగండి. ఒలిచిన రెబ్బకు పెద్దగా వాసన ఉండదు. కోసినప్పుడు కణాలు తెగి, అల్లిన్ అనే పదార్థం అల్లినేజ్ అనే ఎంజైమును కలుసుకుంటుంది. అప్పుడు అల్లిసిన్ పుడుతుంది, ఘాటు దానిదే. మన పోపులో వెల్లుల్లిని కాగిన నూనెలో వేస్తాం. ఇక్కడ నాలుగు పెద్ద చెంచాల చల్లని నూనెలోనే వేసి, సన్నని సెగ మీద ఉంచాలి. తొందరపడితే అంచులు మాడి చేదెక్కుతాయి. లేత బంగారు రంగు రాగానే ఎండుమిర్చి తుంచి వేయండి. మిర్చిలోని కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. కారం అంతటా పరుచుకునేది అందుకే. (మిర్చి 1492 తరువాత అమెరికా ఖండాల నుంచి ఇటలీకి వచ్చింది, మనకూ వచ్చింది.)

ఇప్పుడు అసలు ఘట్టం. బాణలిని పొయ్యి మీద నుంచి దించి, గరిటెడు గంజిని కొద్దికొద్దిగా పోయండి. పొయ్యి మీదే ఒక్కసారిగా పోస్తే నూనె చిట్లి చేతులు కాలుతాయి. పాకెట్ మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందే స్పగెట్టీని నీటిలోంచి తీసి ఇందులో వేసి, మళ్ళీ సెగ మీద పెట్టి గట్టిగా కలియదిప్పండి. నూనె సన్నని బిందువులుగా విడిపోతుంది. గంజి నీటిని చిక్కబరచి, ఆ బిందువులు మళ్ళీ ఒకటి కాకుండా అడ్డుకుంటుంది. దీన్నే ఎమల్షన్ అంటారు. పాలూ అటువంటివే, అక్కడ ఆ పని ప్రోటీనులు చేస్తాయి. గంజి లేకపోతే నూనె కంచం అడుగున తేలుతుంది, స్పగెట్టీ పొడిగా మిగులుతుంది.

చివరగా ఒక హెచ్చరిక. నూనె కొంత మిగిలితే సీసాలో పోసి బల్ల మీద ఉంచకండి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో, ఫ్రిజ్‌లో పెట్టకుండా వదిలేసిన నూనె వెల్లుల్లి వల్ల 36 మందికి బాట్యులిజం సోకింది. మట్టిలో ఉండే క్లాస్ట్రిడియం బాట్యులినమ్ స్పోర్లు వెల్లుల్లికి అంటుకొని రావచ్చు, వంట సెగకు అవి చావకపోవచ్చు. నూనె గాలిని ఆపేస్తుంది. ఆ బాక్టీరియాకు కావలసింది ఆక్సిజన్ లేని చోటే. అది విడుదల చేసే విషం నాడులను దెబ్బతీసి, ఊపిరి తీసే కండరాలను కూడా చచ్చుబరుస్తుంది. రుచిలో, వాసనలో తేడా తెలియకపోవచ్చు.

మరి ఆవకాయలోనూ వెల్లుల్లి నూనెలోనే ఉంటుంది కదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. అక్కడ మామిడి పులుపు, దండిగా వేసిన ఉప్పు కాపలా కాస్తాయి. పీహెచ్ 4.6 కంటే తక్కువైతే ఈ బాక్టీరియా పెరగలేదు. మన వెల్లుల్లి నూనెలో ఆ పులుపు లేదు. మిగిలినది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి. ఫ్రిజ్ లేని హాస్టల్ గదిలో అయితే ఆ రాత్రే పారబోయండి.