గండం గడిచిందనుకున్నాకే జాగ్రత్త

ఆత్మహత్యాయత్నం చేసి బతికినవాళ్ల గురించి మనలో రెండు మాటలు తిరుగుతుంటాయి. ‘చావు అంచుదాకా వెళ్లొచ్చాడు, ఇక ఆ జోలికి పోడు’ అనేది ఒకటి. ‘ఒకసారి చేసినవాడు ఎప్పటికైనా చేస్తాడు, ఎవరాపగలరు’ అనేది రెండోది. ఒకదానికొకటి పొసగని మాటలే, కానీ రెండూ చేసే పని ఒక్కటే: డిశ్చార్జి అయి ఇల్లు చేరిన మనిషిని ఎవరూ కదపకుండా చేయడం. తమకు తామే హాని చేసుకుని ఆస్పత్రికి వచ్చినవాళ్లలో ఏడాదిలోపు మళ్లీ అలా చేసేవాళ్లు నూటికి 16 మంది దాకా ఉంటారని అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు తేల్చారు. ఎక్కువమంది మళ్లీ చేయరన్నమాట. అయితే 16 తీసిపారేసే సంఖ్య కాదు. పైగా ఇంటికొచ్చిన తొలి వారాలు, నెలలే గడ్డుకాలం.

ప్రమాదాన్ని పెంచేవి ఏమిటో వైద్యులకు తెలుసు. అంతకుముందు చేసిన ప్రయత్నాలు, వైద్యం అందని కుంగుబాటు, తగ్గని నొప్పి, చిన్ననాడు పడ్డ హింస, ఒంటరితనం, ఇక దారే లేదన్న నిరాశ. ‘తాగిన మత్తులో చేశాడులే’ అని కొట్టిపారేస్తాం గానీ, ఆ తాగుడే పెద్ద ప్రమాద సూచిక. ఖమ్మం చుట్టుపక్కల పత్తి, మిర్చి దెబ్బతిన్న రైతు ఆత్మహత్యాయత్నం చేస్తే అప్పే కారణమంటారు. అప్పు తీర్చాల్సిందే, కానీ అప్పు తీరినంత మాత్రాన కుంగుబాటుకు వైద్యం జరిగినట్టు కాదు. ప్రమాదం ఎక్కువున్న కొందరినే ఏరి చూసుకుంటే చాలదా అనవచ్చు. ఆ ఏరివేతే కుదరదు. ఎవరు మళ్లీ చేస్తారో తేల్చడానికి మార్కుల పట్టికలు వాడొద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. అందరినీ కనిపెట్టుకుని ఉండటమే మార్గం.

అదేమీ అసాధ్యం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా ఐదు చోట్ల 1,867 మందిపై అధ్యయనం చేయించింది. సగం మందికి మామూలు వైద్యం. మిగతావాళ్లతో డిశ్చార్జికి ముందు గంటసేపు మాట్లాడి, 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్‌లోనో ఇంటికెళ్లో పలకరించారు. ఆ 18 నెలల్లో మొదటి వర్గంలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో మరణిస్తే, రెండో వర్గంలో 0.2 శాతమే. మళ్లీ ప్రయత్నించినవాళ్లు మాత్రం రెండు వర్గాల్లోనూ ఇంచుమించు సమానమే. కాబట్టి పలకరింపు వైద్యానికి బదులు కాదు. అయినా భద్రాచలం అడవి పల్లె నుంచి వంద కిలోమీటర్లు దాటి ఖమ్మం రావాల్సినవాళ్లకు ఆ ఫోన్ ఎంతో విలువైనది.

అడిగితే గుర్తుచేసినట్టవుతుందన్న భయం సహజమే. కానీ ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగడం వల్ల ఆ ఆలోచన పెరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. చాలామందికి అడిగితేనే గుండె బరువు తగ్గుతుంది. పోలీసు కేసవుతుందని దాచిపెట్టే ఇళ్లూ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇలాంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడమంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి అడ్డుకోవడానికి చేసే ఆత్మహత్యాయత్నమే ఇప్పుడు నేరం.

పురుగుమందులు, మిగిలిపోయిన మాత్రలు చేతికందకుండా తాళం వేయండి. వైద్యుడు రమ్మన్న తేదీని కుటుంబమే గుర్తుపెట్టుకోవాలి. అలాంటి ఆలోచన మీకే వస్తుంటే ఒంటరిగా ఉండకండి, ఇప్పుడే ఎవరికైనా చెప్పండి. టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.