‘సెట్’ చిన్నమాటేం కాదు!

ఇంగ్లిష్‌లో సాయంత్రం సూర్యుడు ‘సెట్’ అవుతాడు. ఫ్రిజ్‌లో పెట్టిన జెల్లీ కూడా ‘సెట్’ అవుతుంది. అలారం ‘సెట్’ చేస్తాం. టెన్నిస్‌లో ‘సెట్’ గెలుస్తారు. సినిమావాళ్లు కోట్లు పోసి ‘సెట్’ వేస్తారు. పెళ్లికి నగల ‘సెట్’ కొంటాం. ఉన్నవి మూడక్షరాలే... చేసే పనులు మాత్రం అన్నీ ఇన్నీ కావు!

అర్థాలు 430!

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో ముద్రణ 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో ‘సెట్’కి ఇచ్చిన అర్థాలు 430. వాటిని వివరించడానికి దాదాపు 60 వేల పదాలు పట్టాయి. అంటే ఓ నవలంత! తర్వాత ఆ కిరీటం ‘రన్’కి దక్కింది. 2011 నాటి లెక్క ప్రకారం క్రియగానే దానికి 645 అర్థాలు. వాటిని తేల్చడానికి నిఘంటుకారుడు పీటర్ గిలివర్‌కి తొమ్మిది నెలలకు పైగా పట్టింది.

పుట్టిళ్లు రెండు

నిజానికి ‘సెట్’ ఒక మాట కాదు, రెండు. మొదటిది పాత ఇంగ్లిష్‌లోని ‘సెట్టన్’ నుంచి వచ్చింది. కూర్చోబెట్టడం అని దానర్థం. ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం అన్నమాట. విరిగిన ఎముకను దాని చోట కూర్చోబెట్టినా, ఉంగరంలో రాయి పొదిగినా ‘సెట్’ చేయడమే.

నగల ‘సెట్’ దారి వేరు. అనుచరుల బృందాన్ని సూచించే లాటిన్ మాట ‘సెక్టా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిందది. మతశాఖను చెప్పే ‘సెక్ట్’ దీని తోబుట్టువే. పలకడం ఒకేలా ఉండటంతో కాలక్రమంలో రెండూ కలగలిసిపోయాయి.

మనకూ ఉందిగా!

తెలుగులో ‘పెట్టు’ని చూడండి. అన్నం పెడతాం, పేరు పెడతాం, ముగ్గు పెడతాం, పందెం పెడతాం. కోడి గుడ్డు పెడుతుంది. ‘పెట్టు అంటే ఉంచు’ అని రాసుకున్న విదేశీయుడు ‘దండం పెట్టు’ దగ్గరికొచ్చేసరికి తెల్లమొహం వేస్తాడు. ‘సెట్’ దగ్గర మన పిల్లల పరిస్థితీ అదే.

ఎడమ పక్క పదం, కుడి పక్క అర్థం రాసి బట్టీ పట్టిస్తుంటాం. ‘ఫొటోసింథసిస్’ లాంటి పెద్ద పదాలకు అది సరిపోతుంది. వాటికి ఒక్కటే అర్థం. చిక్కంతా చిన్న పదాలతోనే. ‘సెట్ అవుట్’ అంటే బయల్దేరడం, ‘సెట్ అప్’ అంటే ఏర్పాటు చేయడం. పక్కన చేరిన మాటను బట్టి అర్థం మారిపోతుంది. అందుకే పిల్లల నోట్‌బుక్‌లో పదం పక్కన అర్థం ఒక్కటే కాదు, ఓ వాక్యం కూడా రాయించండి. ‘దండం పెట్టు’కి మనకెవరూ అర్థం చెప్పలేదు. చేతులు రెండూ జోడించి చూపించారు, అంతే!