రెండు బ్యాటరీల కాపురం

రాజపాళయం రాజుల ఇళ్లలో తెలుగు, వీధిలో తమిళం. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ పెట్టినప్పటి నుంచి ఇది నూలు ఊరు. పక్కనే ఉన్న చత్రపట్టిలో మగ్గాలు ఆస్పత్రి బ్యాండేజి గుడ్డ నేస్తాయి. 2012 ప్రాంతంలో తమిళనాడును కరెంటు కోతలు పీడించినప్పుడు చెన్నైని కాస్త చూసీచూడనట్టు వదిలేసి, భారమంతా జిల్లాల మీద వేశారు. అప్పుడే ఇలాంటి ఊళ్లలో మెట్ల కింద ఇన్వర్టరూ, దాని పక్కన రెండు బ్యాటరీలూ చేరాయి.

ఆ బ్యాటరీ పుట్టుకలోనూ గుడ్డ ఉంది. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల మధ్య గుడ్డ పరిచి, చుట్ట చుట్టి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచాడు. ఖాళీ అయ్యాక మళ్లీ నింపుకోగల మొదటి బ్యాటరీ అదే. 1881లో కమీల్ ఫోర్ రేకుల మీద సీసపు ఆక్సైడు ముద్ద పూసి, దాని సత్తువ పెంచాడు. ఇప్పటి ట్యూబులర్ బ్యాటరీలో ఆ ఆక్సైడును నేసిన పాలియెస్టర్ గొట్టాల్లో కూరుతారు. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా వాళ్ల బ్యాటరీలకైనా మూలం ఆ సీసమూ ఆ ఆమ్లమే.

వాడుతున్నకొద్దీ రెండు రకాల ప్లేట్ల మీదా సీసపు సల్ఫేటు పేరుకుంటుంది, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జి చేస్తే అంతా వెనక్కి నడుస్తుంది. అందుకే హైడ్రోమీటరు ఆమ్లం చిక్కదనం చూసి ఛార్జి ఎంతుందో చెప్పగలదు. ఛార్జి లేకుండా వారాల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టి పలుకులుగా మారి, ఇక కరగనని మొండికేస్తుంది.

జంటతో వచ్చే చిక్కు వేరు. 24 వోల్టుల ఇన్వర్టరుకు రెండు 12 వోల్టుల బ్యాటరీలను ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. ఛార్జరుకు కనిపించేది మొత్తమే. అది 28.8 వోల్టులు చూపి తృప్తి పడుతున్నప్పుడు లోపల ఒకటి 15.2 దగ్గర నీళ్లు మరిగినట్టు బుడగలు కక్కుతూ, రెండోది 13.6 దగ్గర అర్ధాకలితో ఉండవచ్చు. మొదటిది ఎండిపోతుంది, రెండోది సల్ఫేటు పట్టిపోతుంది. ఇన్వర్టరు మీద పచ్చలైటు మాత్రం నిశ్చింతగా వెలుగుతూనే ఉంటుంది!

కాబట్టి మొత్తాన్ని కాదు, విడివిడిగా కొలవాలి. పూర్తిగా ఛార్జయ్యాక ఇన్వర్టరు ఆపి కొన్ని గంటలు వదిలేస్తే, ఒక్కొక్కటి 12.6, 12.7 వోల్టుల దగ్గర ఉండాలి. రెంటికీ తేడా కనిపిస్తే వెనకబడినదాన్ని విడదీసి 12 వోల్టుల ఛార్జరుతో నింపాలి. ఒక్క బ్యాటరీ నుంచి మాత్రమే తీగ లాగి చిన్న లైటో మోడెమో నడిపే తెలివి కొందరికుంది. తేడా తెచ్చే దగ్గరి దారి అదే. ఒకటి పోతే ఒక్కటే మార్చడమూ అంతే. పాతది కొత్తదాన్ని తనతోపాటు ముసలిదాన్ని చేస్తుంది.

పోయవలసింది డిస్టిల్డ్ వాటరు, అదీ ఛార్జయ్యాక. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంతవరకు ముందే పోయాలి. ఆమ్లం ఎప్పుడూ కలపకూడదు. ఆవిరయ్యేది నీళ్లే. బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది గనక దీపం, అగరుబత్తి దగ్గర పెట్టొద్దు, గాలి ఆడనివ్వాలి. టెర్మినళ్లు తుడిచి వ్యాజిలిన్ రాయాలి. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. రాజపాళయం ఎండలో మేడ మీద రేకుల గదిలో పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఆయువు తీరాక బ్యాటరీని విప్పి ఆమ్లం కాలవలో పోసి, సీసం తూకానికి అమ్మకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతదాన్ని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారుది. కొత్త జంట కొనే కొట్లోనే పాత జంటను అప్పగించండి.