సబ్మిట్ నొక్కాక మీ మెసేజ్ ఎక్కడికి పోతుంది?

బీసెంట్ రోడ్డులో ఏదో ఒక షాపు వెబ్‌సైట్ తెరిచి చూడండి. చివర్లో ‘కాంటాక్ట్ అస్’ అని ఓ ఫారం ఉంటుంది. పేరు, ఫోన్ నంబరు, మెసేజ్... మూడు గళ్లు, కింద ఓ బటన్. నింపి నొక్కితే ‘థాంక్యూ! త్వరలోనే మిమ్మల్ని సంప్రదిస్తాం’ అని పచ్చరంగులో వస్తుంది. చాలాసార్లు కథ అక్కడితో సరి. ఫోనూ రాదు, మెయిలూ రాదు. వాళ్లకి పొగరెక్కువ అనుకుంటాం. చాలా చోట్ల అసలు సంగతి ఏంటంటే, మీరు రాసినట్టు పాపం వాళ్లకి తెలియనే తెలియదు.

చవకలో చేసిన సైట్లలో ఫారం వెనక ఉండేది ఒకటే పని: మీరు రాసినదాన్ని ఓ ఈమెయిల్‌గా మార్చి ఓనరుకి పంపించడం. పీహెచ్‌పీలో దానికి మెయిల్ అనే ఫంక్షన్ ఉంది. ఒక్క లైను రాస్తే చాలు. ‘పంపావా?’ అని అడిగితే అది ‘ఆ, పంపాను’ అంటుంది. ఆ మాటకి అర్థం, ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో వేశాను అని మాత్రమే. అది చేరిందా, దారిలో స్పామ్ ఫోల్డర్‌లో పడిందా, ఆ జీమెయిల్ అకౌంటు నిండిపోయి వెనక్కి వచ్చిందా... దానికి అనవసరం. పచ్చరంగు థాంక్యూ మాత్రం మీకు వచ్చేస్తుంది. ఇంకా తమాషా, ఆ మెయిల్ ఐడీ ఒక్కోసారి రెండేళ్ల కిందట మానేసి వెళ్లిపోయిన కుర్రాడిది అయి ఉంటుంది.

పెడనలో కలంకారీ చేసే కుటుంబం ఒకటి సైట్ పెట్టుకుందనుకోండి. డాలస్‌లో ఉన్న ఓ తెలుగావిడ అమ్మాయి పెళ్లికి నలభై చీరలు కావాలని ఫారంలో రాసింది. ఆ మెయిల్ స్పామ్‌లో పడింది. పోయింది ఒక మెసేజ్ కాదు, ఆ ఇంట్లో రెండు మూడు నెలల పని. పైగా పోయినట్టు కూడా ఎవరికీ తెలీదు. దొంగతనం జరిగితే కనీసం తాళం పగిలి కనిపిస్తుంది, దీనికి అదీ లేదు.

మందు చాలా పాతదే. వచ్చింది వచ్చినట్టు ముందు రాసిపెట్టుకోవాలి, ఆ తర్వాతే కబురు పంపాలి. కృష్ణా డెల్టాలో కరణాలు చేసిన పని ఇదే కదా. ఏ సర్వే నంబర్లో ఎవరు ఏ పంట వేశారో అడంగల్‌లో వరసగా రాసేవారు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థని తీసేసినా అడంగల్ మాత్రం పోలేదు, ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కింది. డేటాబేస్ టేబుల్ అంటే అలాంటి పుస్తకమే. నిలువు గళ్లలో పేరు, ఫోను, మెసేజ్, వచ్చిన టైము. అడ్డంగా ఒక్కో మనిషికి ఒక్కో వరస. ప్రతి వరసకి దానంతట అదే పడే ఓ నంబరు. మెయిల్ పోయినా వరస ఉంటుంది. సైట్‌ని నమ్మొచ్చా లేదా అన్నది తేలేది ఆ నంబరు దగ్గరే.

ఆ నంబరు విలువేంటో బెజవాడకి ఒకరు చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలన్నీ మునిగాయి. రెండో తారీఖున ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు కొట్టింది. నీళ్లు తీశాక ఇంటింటికీ ఎన్యూమరేషన్ జరిగింది. మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకి 10 వేల రూపాయలు ప్రకటించారు. జాబితాలో పేరు లేనివాళ్లు మళ్లీ దరఖాస్తులు పట్టుకుని సచివాలయాల చుట్టూ, కలెక్టరేట్ చుట్టూ తిరిగారు. ‘నేను అర్జీ పెట్టానండీ’ అనడానికీ, ‘ఇదిగోండి నా అర్జీ నంబరు’ అనడానికీ ఎంత తేడా ఉంటుందో ఆ క్యూలో నిలబడ్డవాళ్లకి బాగా తెలుసు. నంబరు లేకపోతే మీ మాట వర్సెస్ వాళ్ల మాట. నంబరు ఉంటే ‘ఇది ఎక్కడ ఆగింది?’ అని అడగొచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇస్తే ఆన్‌లైన్‌లో ఎక్కించేదీ అందుకే. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన మన మిత్ర వాట్సాప్ గవర్నెన్స్‌ని చూడండి. పైకి ఓ చాట్‌లా కనిపిస్తుంది కానీ, మీరు అడిగిన పని వెనకాల ఎక్కడో వరసగా నమోదు కాకపోతే అది ఉత్త కబుర్లే.

సరే, కానూరు నుంచి వడ్డేశ్వరం దాకా ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల పిల్లల్లో బోలెడంతమంది ఇలాంటి సైట్లు చేసి పాకెట్ మనీ సంపాదిస్తున్నారు. వాళ్ల కోసం కాస్త లోపలికి వెళ్దాం. టేబుల్ తయారు చేయడం పది నిమిషాల పని. తప్పులన్నీ ఆ పది నిమిషాల్లోనే జరుగుతాయి.

అందులో మొదటిది ఫోన్ నంబరు. నంబరే కదా అని దాన్ని ఇంటీజర్ అని పెట్టేస్తారు. మైఎస్‌క్యూఎల్‌లో మామూలు ఇంటీజర్‌కి పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. మన మొబైల్ నంబర్లు ఆరు నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకెతో మొదలయ్యే పదంకెలవి, అన్నీ దానికన్నా పెద్దవే. స్ట్రిక్ట్ మోడ్ ఆన్‌లో ఉంటే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, అది అదృష్టం. ఆఫ్‌లో ఉంటే నోరుమూసుకుని ఆ పెద్ద సంఖ్యనే రాసేస్తుంది. నెల తర్వాత తెరిచి చూస్తే కస్టమర్లందరిదీ ఒకటే నంబరు! ఫోన్ నంబరుతో కూడికలు తీసివేతలు చేయం కదా, దాన్ని అక్షరాల్లాగే దాచాలి. ముందు ప్లస్ 91 పెట్టినా, సున్నా పెట్టినా పోకుండా ఉంటుంది.

తర్వాతది మన తెలుగు. పాత ల్యాటిన్ సెట్టింగ్‌తో ఉన్న టేబుల్‌లో తెలుగు రాస్తే వరసగా ప్రశ్నార్థకాలు మిగులుతాయి. మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8’ అని పెడితే చాలనుకుంటారు. దాంట్లో అక్షరానికి మూడు బైట్లే పడతాయి. తెలుగు అక్షరాలు సరిగ్గా మూడు బైట్లవి కాబట్టి మనం గట్టెక్కుతాం. కానీ కస్టమర్ చివర్లో ఓ దండం ఎమోజీ పెడితే దానికి నాలుగు బైట్లు కావాలి, అక్కడ చిక్కు. అందుకే 2010లో ‘యూటీఎఫ్8ఎంబీ4’ వచ్చింది, అదే వాడాలి. ఇంకోటి గమనించండి. మన కంటికి ‘శ్రీ’ ఒకటే అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం శ, పొల్లు, ర, గుడి దీర్ఘం... మొత్తం నాలుగు. ‘పేరుకి ఇరవై చాలు’ అని గడి కుదిస్తే ఇంగ్లిషు పేర్లు పడతాయి, ఇంటిపేరుతో కలిసిన మన పొడుగాటి పేర్లు మధ్యలో తెగిపోతాయి. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు పెట్టడం కూడా మనకి నప్పదు. ఇంటిపేరు ముందుండే జనం ఏది ఎక్కడ రాయాలో తేల్చుకోలేక చెరో రకంగా నింపుతారు. ‘పూర్తి పేరు’ అని ఒకటే గడి పెడితే గొడవ లేదు.

టైము సంగతి కూడా చూసుకోవాలి. చాలా సర్వర్లు యూటీసీలో ఉంటాయి, అది మనకన్నా ఐదున్నర గంటలు వెనక. సోమవారం తెల్లవారుజామున రెండింటికి ఎవరో రాస్తే సర్వర్‌లో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర అని పడుతుంది. చీరల ఆర్డరుకి పర్లేదు. ‘ఆఖరు తేదీ’ ఉన్న దరఖాస్తుకైతే ఒక రోజు అటూ ఇటూ అయిపోతుంది. యూటీసీలో దాచుకోవడం తప్పు కాదు, మంచిదే. చూపించేటప్పుడు మాత్రం మన టైములోకి మార్చాలి.

ఇక సిగ్నల్ సరిగా లేనిచోట జనం ఏం చేస్తారు? బటన్ మూడుసార్లు నొక్కుతారు. దాంతో ఒకే అర్జీ మూడు వరసలవుతుంది. ఫారం తెరిచినప్పుడే కనపడకుండా దానికో ప్రత్యేక నంబరు తగిలించి, అదే నంబరు రెండోసారి వస్తే కొత్త వరస వేయకుండా పాత రసీదే ఇవ్వాలి. నొక్కినవాళ్ల తప్పేం లేదు, పాపం కంగారు.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. ఒక ఆఫీసులో గుమస్తా ఉన్నాడనుకోండి. వచ్చిన ఉత్తరంలోది రిజిస్టర్‌లో ఎక్కించడం అతని పని. ఓ ఉత్తరంలో ‘ఈ రిజిస్టర్ మొత్తం చింపెయ్’ అని రాసి ఉంది. మామూలు గుమస్తా ఆ వాక్యాన్ని ఎక్కించి ఊరుకుంటాడు. అమాయకుడైతే అది తనకిచ్చిన ఆర్డరే అనుకుని నిజంగా చింపేస్తాడు! కస్టమర్ రాసిన మాటల్ని తెచ్చి నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికిస్తే డేటాబేస్ ఆ అమాయకుడిలాగే ప్రవర్తిస్తుంది. దీని పేరు ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్. 1998 నుంచీ లోకానికి తెలిసిన జబ్బు, ఇప్పటికీ తగ్గలేదు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అనే పద్ధతి వాడితే ‘ఈ గడిలోకి వచ్చేది ఏదైనా సరే, ఉత్త రాత. ఆర్డరు కాదు’ అని ముందే చెప్పినట్టు. రెండు మూడు లైన్లు ఎక్కువ రాయాలి, అంతే. అది కూడా బద్ధకించి సైట్ అప్పజెప్పే డెవలపర్‌కి డబ్బులివ్వకూడదని నా అభిప్రాయం. టేబుల్‌లోని మెసేజ్‌ని మళ్లీ ఓనరు స్క్రీన్ మీద చూపించేటప్పుడూ ఇదే జాగ్రత్త పడాలి, లేకపోతే అందులో దాచిన స్క్రిప్టు ఆయన బ్రౌజర్‌లో ఆడుతుంది.

ఇంతవరకూ దాచడం గురించి చెప్పుకున్నాం. దాచాక ఏం చేస్తారన్నది మీకూ నాకూ ఎక్కువ అవసరం. ఇంటర్ రిజల్ట్స్ రోజులు గుర్తున్నాయా? ఫీజు ఎంతో కనుక్కుందామని ఒక్క కాలేజీ సైట్లో నంబరు ఇస్తే, వారం తిరిగేలోగా పేరు కూడా వినని నాలుగైదు కాలేజీల నుంచి ‘తమ్ముడూ, కౌన్సెలింగ్‌కి ఎప్పుడొస్తున్నావ్?’ అని ఫోన్లు. పేరు, మార్కులు, నాన్న నంబరుతో సహా అన్నీ వాళ్లకి తెలుసు. డేటాబేస్‌లోంచి ఎవరో ఓ ఎక్సెల్ షీట్ తీశారు, అది చేతులు మారింది.

దీనికిప్పుడు చట్టం ఉంది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. రూల్స్ 2025 నవంబరులో నోటిఫై చేశారు, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. సారాంశం ఏంటంటే, ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి మీ సమ్మతి అడగాలి. చెప్పిన పనికే వాడాలి. పని అయిపోతే, వేరే చట్టం ఉంచమని చెబితే తప్ప, చెరిపేయాలి. సరైన రక్షణ లేక డేటా బయటికి పోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఇంటర్ పిల్లల్లో చాలామంది ఆ లెక్కలోకే వస్తారు, కాలేజీల వాళ్లు ఇది గమనించినట్టు లేదు.

కాబట్టి టేబుల్‌లో ఇంకో రెండు గళ్లు ఉండాలి: సమ్మతి ఎప్పుడు ఇచ్చారు, ఎప్పటికి చెరిపేయాలి. ఆ రెండో గడిలోని తేదీ దాటిన వరసల్ని రోజూ రాత్రి తుడిచేసే చిన్న ప్రోగ్రాం ఒకటి పెడితే చాలు. తుడిచినవి బ్యాకప్‌లో మాత్రం కొన్నాళ్లు బతికే ఉంటాయి. అందుకని బ్యాకప్‌లకీ ఓ గడువు పెట్టుకోవాలి. ఆ బ్యాకప్ సర్వర్ పక్కనే ఉండకూడదని వేరే చెప్పాలా? గ్రౌండ్ ఫ్లోర్లో బీరువా అడుగు అరలో దాచిన సర్టిఫికెట్లు ఏమయ్యాయో సింగ్‌నగర్‌లో అడగండి.

ఈసారి ఎక్కడైనా ఫారం నింపేటప్పుడు థాంక్యూ పక్కన నంబరు వచ్చిందా లేదా చూసి, వస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రాకపోతే షాపుకి ఓ ఫోన్ కొట్టి ‘నా మెసేజ్ అందిందా అండీ?’ అని అడగండి. ‘ఏ మెసేజ్?’ అన్నారనుకోండి, ఈ లింకు వాళ్లకి ఫార్వర్డ్ చేయండి.