మాట ఇచ్చి వెళ్ళిన తండ్రి

సైన్స్ ఫిక్షన్ చిత్రాలంటే మన పెద్దలలో చాలామందికి చులకన భావం ఉంది. గ్రహాంతరవాసులు, లోహపు మనుషులు, పేలుళ్ళు, పరుగులు. పిల్లల కాలక్షేపానికి తప్ప ఇవి మరెందుకూ పనికిరావని మనం అనుకుంటాం. చాలా చిత్రాల విషయంలో ఆ మాట నిజమే. అయితే ఈ కోవకు చెందిన మంచి చిత్రాలు కొన్ని, ప్రతి కుటుంబమూ ఏదో ఒకనాడు ఎదుర్కొనే ప్రశ్ననే మన ముందు ఉంచుతాయి. ప్రేమించినవారి చెంతనే ఉండాలా, వారి మేలు కోసం వారినే విడిచి వెళ్ళాలా? ప్రేమ ఒకవైపు, బాధ్యత మరొకవైపు లాగుతున్నప్పుడు మనిషి ఏ దారిన నడవాలి?

క్రిస్టఫర్ నోలన్ దర్శకత్వంలో 2014లో విడుదలైన 'ఇంటర్‌స్టెల్లార్' ఈ ప్రశ్న చుట్టూనే అల్లిన కథ.

భూమి మీద పంటలు ఒక్కొక్కటిగా తెగులు సోకి నశిస్తున్నాయి. గోధుమ పోయింది, బెండ పోయింది. మిగిలింది మొక్కజొన్న ఒక్కటే. ధూళి తుపానులు ఇళ్ళను ముంచెత్తుతున్నాయి. ఒకప్పుడు వ్యోమనౌకలు నడపడంలో శిక్షణ పొందిన కూపర్ ఇప్పుడు రైతు. భార్య మరణించింది. పదిహేనేళ్ళ కొడుకు టామ్, పదేళ్ళ కూతురు మర్ఫ్, వృద్ధుడైన మామగారు, ఇదీ ఆ ఇల్లు. మానవులు బతకగలిగిన మరొక లోకాన్ని వెతకడానికి బయలుదేరే నౌకను నడపమని అతనికి పిలుపు వస్తుంది. వెళ్ళకపోతే తన పిల్లల తరమే చివరి తరం కావచ్చు. వెళితే ఆ పిల్లలకు తండ్రి ఉండడు.

కూతురు అతణ్ణి వెళ్ళనివ్వదు. తప్పక తిరిగి వస్తానని అతను మాట ఇస్తాడు. ఒకే రకం గడియారాలు రెండు తీసి, ఒకటి ఆమెకు ఇచ్చి, మరొకటి తాను ఉంచుకుంటాడు. తిరిగి వచ్చినప్పుడు రెండింటి సమయాలనూ పోల్చి చూద్దామంటాడు. ఎప్పుడు వస్తాడో అతనికే తెలియదని ఆ పసిపిల్ల ఇట్టే గ్రహిస్తుంది. గడియారాన్ని విసిరికొడుతుంది. చివరి క్షణంలో మనసు ఆగక బయటికి పరుగెత్తుకొస్తుంది. అప్పటికే బండి వెళ్ళిపోయింది.

గంటకు ఏడేళ్ళ మూల్యం

బాధ్యతకు చెల్లించే మూల్యాన్ని ఈ చిత్రం కాలంతో కొలిచి చూపింది. ఒక మహా కృష్ణబిలానికి చేరువలో ఉన్న గ్రహం మీద గడిపే ప్రతి గంటా భూమి మీద ఏడేళ్ళతో సమానం. ఇది ఉత్త కల్పన కాదు. గురుత్వాకర్షణ బలంగా ఉన్నచోట కాలం మెల్లగా నడుస్తుందని ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం చెబుతుంది. మన ఫోన్లకు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు భూమి మీది గడియారాల కన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దాన్ని లెక్కలోకి తీసుకుని సరిచేయకపోతే దారులన్నీ తప్పిపోతాయి. తరువాత 2017లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న కిప్ థార్న్ ఈ చిత్రానికి శాస్త్ర సలహాదారు.

ఆ గ్రహం నుంచి కూపర్ నౌకకు తిరిగి వచ్చేసరికి భూమి మీద 23 ఏళ్ళు గడిచిపోయాయి. అన్నేళ్ళ సందేశాలూ అతని కోసం పేరుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే చూస్తాడు. కొడుకు చదువు ముగించాడు, పెళ్ళి చేసుకున్నాడు, బిడ్డను కన్నాడు, ఆ బిడ్డను పూడ్చిపెట్టాడు. మామగారు గతించారు. జవాబు రాని తండ్రి కోసం ఎదురుచూసి అలసిన టామ్, ఇక ఆశ వదులుకుంటున్నానంటాడు. అన్నేళ్ళూ మౌనంగా ఉండిపోయిన మర్ఫ్ అప్పుడు తొలిసారి తెర మీద కనిపిస్తుంది. తండ్రి వెళ్ళిననాటి వయస్సు ఆమెకు ఆరోజే వచ్చింది. ఆ దృశ్యంలో పేలుళ్ళు లేవు, శత్రువు లేడు. ఒక తండ్రి కూర్చుని ఏడుస్తాడు, అంతే. చిత్రం మొత్తంలో మన గుండెను పిండేది అదే.

ప్రేమ లేని బాధ్యత

ఈ యాత్రను రూపొందించిన వృద్ధ శాస్త్రవేత్త ప్రొఫెసర్ బ్రాండ్‌ది మరొక దారి. భూమి మీద ఉన్నవారిని తరలించే మార్గం కోసం ఒక సమీకరణాన్ని సాధిస్తున్నానని ఆయన అందరినీ నమ్మించాడు. అది తన వల్ల కాదని ఆయనకు ఎప్పుడో తెలుసు. భద్రపరచిన పిండాలతో మరో లోకంలో మానవజాతిని కొత్తగా మొదలుపెట్టడమే ఆయన అసలు ఉద్దేశం. మనుషులు తమ పిల్లల కోసమైతే ప్రాణం పెడతారు గానీ, కంటికి కనబడని జాతి భవిష్యత్తు కోసం పెట్టరని ఆయన లెక్క. మరణశయ్య మీద ఆ నిజం చెబుతాడు. అది విన్న మర్ఫ్ తండ్రిని అడగదలచింది ఒక్కటే: ఈ సంగతి తెలిసే నన్ను ఇక్కడ వదిలి వెళ్ళావా? దూరాన్ని అన్నేళ్ళు భరించిన కూతురు, మోసపోయానన్న అనుమానాన్ని మాత్రం భరించలేకపోయింది.

కూపర్ కంటే ముందు ఆ లోకాలకు పంపిన వారిని ఎంపిక చేసినప్పుడు, కుటుంబ బంధాలు లేనివారే ఉండాలని బ్రాండ్ పట్టుబట్టాడు. బంధం లేకపోతే కర్తవ్యం సాఫీగా సాగుతుందని ఆయన నమ్మకం. తీరా వారిలో అత్యుత్తముడని పేరుపొందిన డాక్టర్ మాన్ ఏం చేశాడు? తాను దిగిన గ్రహం బతకడానికి పనికిరాదని తెలిసీ, ఎవరైనా వచ్చి తనను కాపాడతారని తప్పుడు సమాచారం పంపాడు. ప్రేమను తీసివేస్తే బాధ్యత గట్టిపడుతుందనుకోవడం ఎంత పొరపాటో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

తెలిసీ మోసిన బరువు

2016లో డెనీ విల్నవ్ తీసిన 'అరైవల్' ఇదే ప్రశ్నను ఒక తల్లి వైపు నుంచి చూస్తుంది. భాషా శాస్త్రవేత్త లూయీస్, గ్రహాంతరవాసుల భాష నేర్చుకునే క్రమంలో రాబోయే కాలాన్ని చూడగలుగుతుంది. తనకు పుట్టబోయే కూతురు చిన్న వయస్సులోనే వ్యాధితో మరణిస్తుందని ఆమెకు ముందే తెలుస్తుంది. అయినా ఆ బిడ్డను కోరుకుంటుంది. కానీ ఆ సంగతి భర్తకు చెప్పడంలో ఆలస్యం చేస్తుంది. ఆలస్యంగా తెలిసిన నిజాన్ని తట్టుకోలేక అతను ఇల్లు విడిచి వెళతాడు. బిడ్డపై ప్రేమలో ఆమెకు లోటు లేదు. భర్తతో పంచుకోవలసిన నిజాన్ని దాచినచోటే సంసారం బీటలు వారింది.

ఈ రెండు కథలనూ పక్కపక్కన ఉంచి చూస్తే మనకు బోధపడేది ఒకటే. ప్రేమా బాధ్యతా ఒకదానికొకటి శత్రువులు కావు. వాటి నడుమ నిజం లేకుండా పోయినప్పుడే అవి శత్రువులవుతాయి.

మన ఇళ్ళలోని అంతరిక్షం

ఇది మనకు దూరపు కథ కాదు. నిజామాబాద్, జగిత్యాల, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన తండ్రులు ఎందరో. పిల్లల ఫీజులు, ఇంటి కప్పు, చెల్లెలి నికాహ్, వీటి కోసమే వారు వెళ్ళారు. ఈద్ నాడు వీడియో కాల్‌లో కనిపించే పిల్లవాడు, పోయినసారి చూసినప్పటి పిల్లవాడు కాడు. "అబ్బా, ఎప్పుడొస్తావు?" అని అడిగినప్పుడు గొంతు తడబడని తండ్రి ఉండడు. ఆ తడబాటును కప్పిపుచ్చడానికి, రాలేమని తెలిసీ "వచ్చే నెలలో వచ్చేస్తాను" అంటాం. 'ఇన్షా అల్లాహ్' అనే పవిత్రమైన మాటను కూడా దాటవేతకు వాడేస్తాం. పిల్లలు అబద్ధాన్ని మర్ఫ్‌లాగే ఇట్టే పట్టేస్తారు. "సంవత్సరం పడుతుంది నాయనా, నాకూ కష్టంగానే ఉంది" అన్న మాట వారిని ఒకరోజు ఏడిపించవచ్చు. నమ్మకాన్ని మాత్రం చంపదు.

ఇంటిపట్టున ఉన్నవారిది కూడా తక్కువ బాధ్యత కాదు. 'ఇంటర్‌స్టెల్లార్'లో మానవాళిని గట్టెక్కించిన సమీకరణాన్ని సాధించింది అంతరిక్షంలో ఉన్న తండ్రి ఒక్కడే కాదు, భూమి మీద ఉండిపోయిన కూతురు కూడా. కృష్ణబిలం లోపలి నుంచి కూపర్ పంపిన వివరాలు ఆమెకు చేరింది, ఆనాడు ఆమె విసిరికొట్టిన గడియారపు ముల్లు కదలికల ద్వారానే. తండ్రి మాటపై ఆమెలో నమ్మకం ఏ మూలనో మిగిలి ఉండబట్టే ఆ గడియారాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

చివరికి కూపర్ తిరిగి వస్తాడు. మాట నిలుస్తుంది. కానీ అప్పటికి మర్ఫ్ మంచం పట్టిన ముసలమ్మ. చుట్టూ ఆమె పిల్లలు, వారి పిల్లలు. తండ్రి వస్తాడని తనకు తెలుసునంటుంది, ఎందుకంటే ఆయన మాట ఇచ్చాడు. ఆ కలయిక కొన్ని నిమిషాలదే. పోయిన ఏళ్ళు ఎవరికీ తిరిగి రాలేదు.

ఆ చిత్రాన్ని మన పిల్లలతో కలిసి చూసే అవకాశం దొరికితే చూద్దాం. దూరాన ఉన్న తండ్రికి ఆ రాత్రే ఫోన్ చేద్దాం. ఎప్పుడొస్తారని కాదు, ఈ రోజు ఎలా గడిచిందని అడుగుదాం.